4 టన్నుల ఆటోమేటిక్ బొగ్గు బాయిలర్: డ్రాయింగ్‌లో ఏ భాగం ఏం చేస్తుంది, ఏది ముందు మొరాయిస్తుంది?

#1 గుమ్మిడిపూండి_మెయింటెనెన్స్

అందరికీ నమస్కారం. చెన్నై దగ్గర గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో మాది రబ్బరు సామాన్ల యూనిట్. చేత్తో బొగ్గు వేసే 2 టన్నుల బాయిలర్ తీసేసి, గంటకు 4 టన్నుల స్టీమ్, 10.5 కేజీల ప్రెషర్ ఇచ్చే చెయిన్ గ్రేట్ బాయిలర్ పెడుతున్నారు. కింద నీటి గొట్టాల గోడలున్న ఫర్నేస్, పైన పొగ గొట్టాల షెల్. ఎన్నూరు నుంచి వచ్చే ఇండొనేషియా బొగ్గు వాడతాం, జీసీవీ (కిలో బొగ్గు కాలితే వచ్చే వేడి) 4200 కిలో కేలరీలు అని చెప్పారు. లోడ్ (స్టీమ్ వాడేవి) మూడు ఆటోక్లేవ్‌లు (రబ్బరును స్టీమ్‌తో ఉడికించే మూసిన పాత్రలు), ఒక హాట్ ప్రెస్ లైన్.

సప్లయర్ డ్రాయింగ్‌లో చాలా భాగాలున్నాయి. ఆపరేటర్లు సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు తెలుగులోనే చెప్పాలి. ఏ భాగం పని ఏమిటి, ఎందుకు చెడుతుంది, ఆర్డర్ ఇచ్చే ముందు ఏం అడగాలి? తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

#2 ఆవిరి_అంబత్తూరు

పేర్లన్నీ ఒకేసారి నేర్పకండి. బాయిలర్‌లోకి మూడు వస్తాయి: బొగ్గు, గాలి, నీళ్లు. మూడు బయటికి పోతాయి: స్టీమ్, పొగ, బూడిద. ఏ భాగాన్ని చూపించినా ఇది వీటిలో దేని దారిలో ఉంది అని ఆపరేటర్‌ను అడగండి. అది చెప్పగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

ముందు లెక్క. 10.5 కేజీల దగ్గర కిలో స్టీమ్‌లో సుమారు 665 కిలో కేలరీలుంటాయి. ఫీడ్ వాటర్ 85 డిగ్రీల్లో ఇస్తే బాయిలర్ కలపాల్సింది 580. ఎఫిషియెన్సీ 76 శాతం, బొగ్గు 4200 అనుకుంటే కిలో స్టీమ్‌కు 0.18 కిలోల బొగ్గు. పూర్తి లోడ్‌లో గంటకు 725 కిలోల పైచిలుకు. హాపర్, గ్రేట్, ఫ్యాన్లు, బూడిద కన్వేయర్ అన్నిటి సైజూ ఈ అంకె నుంచే రావాలి. సప్లయర్ కాగితంలో ఈ లెక్క లేకపోతే అడిగి రాయించుకోండి.

బొగ్గు దారి ఇది. యార్డు నుంచి బకెట్ ఎలివేటర్ గానీ బెల్ట్ గానీ హాపర్‌కు ఎత్తుతుంది. హాపర్ అడుగు నుంచి బొగ్గు గ్రేట్ ముందు భాగం మీద పరుచుకుంటుంది. అక్కడ పైకీ కిందికీ జరిగే కోల్ గేట్ ఉంటుంది. పొర మందం ఎంతో తేల్చేది అదే. గ్రేట్ అంటే పోత ఇనుప లింకులతో అల్లిన, నెమ్మదిగా నడిచే అంతులేని చాప. దాని మీద బొగ్గు ముందు ఎండుతుంది, తర్వాత అంటుకుంటుంది, కాలుతుంది, చివరికి బూడిదై వెనక పడుతుంది. ముందువైపు పైన ఉండే ఇటుక ఆర్చ్ మంట వేడిని కొత్త బొగ్గు మీదకు తిప్పి కొడుతుంది. బొగ్గు తనంత తాను అంటుకునేది దానివల్లే. ఆ ఆర్చ్ పెచ్చులూడితే బొగ్గు ఆలస్యంగా అంటుకుంటుంది, కాలని బొగ్గు బూడిదలోకి పోతుంది. అప్పుడు అందరూ బొగ్గును తిడతారు, ఆర్చ్‌ను ఎవరూ చూడరు.

హాపర్ సైజు సంగతి. 8 గంటలకు 5.8 టన్నులు. బొగ్గు ఘనపు మీటరుకు 0.8 టన్ను చొప్పున చూస్తే 7 ఘనపు మీటర్ల పైనే కావాలి. అంతకన్నా చిన్న హాపర్ ఇస్తే షిఫ్ట్ మధ్యలో ఎలివేటర్ ఆగిన రోజు బాయిలరూ ఆగుతుంది.

#3 గ్రేట్_ఫిట్టర్

అన్న చెప్పిన గ్రేట్ దగ్గరే ఇంకాసేపు ఆగాలి. ఈ బాయిలర్‌లో డబ్బు తినేది అదే.

గ్రేట్ వెడల్పు 1.3 మీటర్లు, పొర మందం 120 మి.మీ., గంటకు 725 కిలోలు అనుకోండి. వెడల్పు, మందం, వేగం, ఘనపు మీటరు బొగ్గు బరువు నాలుగూ గుణిస్తే గంట బొగ్గు వస్తుంది. ఆ ప్రకారం గ్రేట్ గంటకు 5.8 మీటర్లు నడవాలి. పొడవు 3 మీటర్లయితే బొగ్గు అరగంట మంట మీద ఉంటుంది. ఆపరేటర్ చేతిలో ఉన్నవి రెండే, మందం, వేగం. లోడ్ మారితే వేగం మార్చండి. బొగ్గు రకం మారితే మందం మార్చండి. రెండూ ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో తెలియదు.

మంట ఎక్కడ ముగియాలి? వెనక చివరకు అర మీటరు నుంచి ముప్పావు మీటరు ముందే ఎర్రదనం పోయి బూడిద నల్లబడాలి. ఎర్రటి బొగ్గు వెనక పడుతుంటే వేగం ఎక్కువ, లేదా గాలి తక్కువ. మధ్యలోనే మంట అయిపోయి వెనక సగం ఖాళీ గ్రేట్ కనిపిస్తుంటే, ఆ ఖాళీలోంచి చల్లగాలి ఊరికే లోపలికి దూసుకొస్తుంది. ఎఫిషియెన్సీ అక్కడ పోతుంది.

ఇప్పుడు ఇండొనేషియా బొగ్గు సంగతి. బూడిద తక్కువ కదా, మంచిదే అనుకుంటారు. చెయిన్ గ్రేట్‌కు అది పూర్తిగా మంచిది కాదు. లింకుల మీద బూడిద పొర ఉంటేనే మంట వేడి ఇనుముకు తగలదు. బూడిద 4, 5 శాతమే ఉన్న లాట్ వస్తే వెనక భాగంలో ఆ పొర పలచబడి లింకులు కాలి వంగుతాయి, కొసలు రాలతాయి. సప్లయర్‌ను రెండు అడగండి: లింకుల పోత గ్రేడ్ ఏమిటి, బూడిద కనీసం ఎంత శాతం ఉండే బొగ్గుకు గ్యారంటీ ఇస్తారు. 7 శాతం కన్నా తక్కువైతే పొర కొంచెం మందంగా పెట్టి వెనక గాలి తగ్గించాలి.

డ్రైవ్‌లో షియర్ పిన్ ఉంటుంది. గ్రేట్‌లో ఇనుప ముక్క గానీ గట్టి క్లింకర్ (కరిగి గడ్డకట్టిన బూడిద) గానీ ఇరుక్కుంటే ముందు ఆ పిన్ తెగిపోవాలి. గేర్‌బాక్స్, లింకులు మిగులుతాయి. పిన్ మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్ట్ బిగించే వాళ్లున్నారు. అలా చేస్తే తర్వాత తెగేది గ్రేట్ షాఫ్ట్. ఎలివేటర్‌కు ముందు మ్యాగ్నెట్ పెట్టించండి, పిన్ తెగడం సగానికి సగం తగ్గుతుంది.

లింకుల సందుల్లోంచి సన్న బొగ్గు కింద గాలి పెట్టెల్లోకి రాలుతుంది. దాన్ని షిఫ్ట్‌కోసారి లాగెయ్యాలి. వదిలేస్తే అక్కడే అంటుకుని లింకులను కింది నుంచి కాలుస్తుంది.

#4 బొగ్గుయార్డు_ఎన్నూరు

బొగ్గు సైజు గురించి ఎవరూ అనలేదు. ఫోర్స్‌డ్ గాలి (ఫ్యాన్‌తో తోసే గాలి) ఉన్న చెయిన్ గ్రేట్‌కు 15 నుంచి 25 మి.మీ. ముక్క సరిపోతుంది. ఓడ బొగ్గు అలా రాదు. పెద్ద పెళ్లలూ ఉంటాయి, పిండీ ఉంటుంది. క్రషర్, జల్లెడ మీ దగ్గర ఉండాలి, లేదా జల్లించి ఇచ్చే డీలర్ దగ్గరే కొనాలి.

పిండి ఎక్కువైతే పొర బిగుసుకుంటుంది, గాలి పైకి రాదు, ఎక్కడో ఒకచోట రంధ్రం పడి అక్కడ్నుంచే గాలంతా పోతుంది. పెళ్లలు ఎక్కువైతే లోపలి గుండె కాలకుండానే బూడిదలో పడుతుంది. పిండి బొగ్గుకు కొంచెం నీళ్లు చిలకరించడం పాత పద్ధతి, అది తప్పు కాదు. పిండి ప్రతి 10 శాతానికి 1 శాతం తేమ అన్నది లెక్క. అయితే ఇండొనేషియా బొగ్గులో లోపలి తేమే చాలా ఎక్కువ. పైపైన ఎండి దుమ్ము లేస్తుంటేనే చిలకరించండి.

నిల్వ ఇంకా ముఖ్యం. ఈ బొగ్గులో వొలటైల్ (వేడికి వాయువుగా బయటికొచ్చే భాగం) ఎక్కువ, కుప్పలోనే వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. కుప్ప ఎత్తు 2, 3 మీటర్లు దాటనివ్వకండి. పొరలు పొరలుగా వేసి తొక్కించండి. ముందు వచ్చింది ముందు వాడండి. లోపలికి ఇనుప రాడ్ గుచ్చి పావుగంట తర్వాత తీసి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ భాగాన్ని అప్పుడే విడదీసి పరచండి. కుప్ప మీద పైపైన నీళ్లు చల్లితే చాలదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. గుమ్మిడిపూండిలో షెడ్ లేకుండా బొగ్గు పెడితే ఆ మూడు నెలలూ హాపర్‌తో కుస్తీయే. కనీసం పది రోజుల బొగ్గుకు పైకప్పు ఉండాలి. రోజుకు 20 గంటలు, 70 శాతం లోడ్ అనుకుంటే రోజుకు 10 టన్నులు, అంటే 100 టన్నులకు చోటు.

#5 గుమ్మిడిపూండి_మెయింటెనెన్స్

హాపర్‌తో కుస్తీ అంటే బొగ్గు దిగకపోవడమే కదా? డ్రాయింగ్‌లో హాపర్ వాలు 50 డిగ్రీలు. వైబ్రేటర్ ఆప్షనల్ అని రాశారు.

#6 ఆవిరి_అంబత్తూరు

50 చాలదు. తడి బొగ్గుకు 60 డిగ్రీలకు తగ్గకూడదు. రెండు గోడలు కలిసే మూలలో వాలు ఇంకా తక్కువవుతుంది కాబట్టి మూలలు గుండ్రంగా తిప్పించండి. కింది మీటరు భాగానికి లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు వేయించండి. వైబ్రేటర్ తీసుకోండి. కానీ బొగ్గు దిగుతున్నప్పుడే అది తిరగాలి. గేట్ మూసి ఉండగా వైబ్రేటర్ తిప్పితే బొగ్గు ఇంకా బిగుసుకుంటుంది.

ఇంకోటి. ఎలివేటర్ హాపర్ మధ్యలో ఒకేచోట పోస్తే పెళ్లలు పక్కలకు దొర్లుతాయి, పిండి మధ్యలో నిలుస్తుంది. గ్రేట్ మీద మధ్యలో నల్లటి చార, పక్కల్లో తెల్లటి మంట కనిపిస్తే కారణం అదే. వెడల్పంతా సమంగా పోసే చ్యూట్ అడగండి. దీన్ని గాలి డ్యాంపర్లతో (గాలిని పెంచే, తగ్గించే పలకలతో) సరిచేయాలని చూసేవాళ్లే ఎక్కువ. గ్రేట్ కింద గాలి పొడవునా గదులుగా విడిపోతుంది గానీ అడ్డంగా కాదు. డ్యాంపర్‌తో ఆ చార పోదు.

హాపర్‌లో లెవెల్ సెన్సర్ తప్పనిసరి. హాపర్ ఖాళీ అయితే బొగ్గు లేకపోవడం ఒక్కటే కాదు సమస్య. ఫర్నేస్ మంట గేట్ కిందుగా వెనక్కి పాకి హాపర్‌లోకి వస్తుంది. హాపర్ నిండుగా ఉండటమే దానికి మొదటి అడ్డు. రెండో అడ్డు ఫర్నేస్ ఎప్పుడూ కొంచెం నెగటివ్‌లో (బయటి గాలికన్నా తక్కువ ప్రెషర్‌లో) ఉండటం. మూడోది, గేట్ దగ్గర టెంపరేచర్ సెన్సర్, దానికి తగిలించిన నీటి లైన్. కోటేషన్‌లో మూడోది ఉందా చూడండి.

#7 కంట్రోల్_ప్యానెల్_గిండీ

గాలి దారి నేను చెబుతాను.

ఎఫ్‌డీ (ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్) ఫ్యాన్ గ్రేట్ కింది గదుల్లోకి గాలి తోస్తుంది. ఐడీ (ఇన్‌డ్యూస్డ్ డ్రాఫ్ట్) ఫ్యాన్ చిమ్నీకి ముందు కూర్చుని పొగను లాగుతుంది. ఐడీ మోటార్ ఎందుకంత పెద్దది అని ఆపరేటర్లు అడుగుతారు. మీ సైజుకు లోపలికి వెళ్లే గాలి గంటకు 5,000 ఘనపు మీటర్ల చుట్టూ ఉంటుంది. అదే వేడెక్కి, బొగ్గు వాయువులు కలిసి 170 డిగ్రీల్లో బయటికి వచ్చేసరికి 8,500 దాకా ఉబ్బుతుంది. పైగా సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ (రెండూ పొగలోని దుమ్ము పట్టేవి), ఎకనమైజర్ (పొగ వేడితో నీళ్లు వేడి చేసేది) అన్నిటి అడ్డూ దాటించాలి.

గ్రేట్ కింద నాలుగు నుంచి ఆరు గాలి గదులు, ఒక్కో దానికి ఒక డ్యాంపర్. మొదటి గదికి కొద్దిగా, మధ్య గదులకు బాగా, చివరి గదికి దాదాపు మూసినట్టే. మంట మీద నుంచి వేగంగా ఊదే సెకండరీ గాలి కూడా ఉండాలి. వొలటైల్ 40 శాతం దాకా ఉండే బొగ్గులో సగం మంట గ్రేట్ పైన గాలిలోనే మండుతుంది. ఆ నాజిళ్లు లేకపోతే చిమ్నీలోంచి నల్లపొగ.

ఆటోమేటిక్ అన్న మాట వెనక ఉన్నవి నాలుగు లూపులు. స్టీమ్ ప్రెషర్ చూసి గ్రేట్ వేగం, ఎఫ్‌డీ వేగం మారుతాయి. ఫర్నేస్ డ్రాఫ్ట్ చూసి ఐడీ వేగం మారుతుంది, సెట్ పాయింట్ మైనస్ 3 నుంచి మైనస్ 5 మి.మీ. నీటి మట్టం. నీటి లెవెల్ చూసి ఫీడ్ పంప్. ఆక్సిజన్ చూసి గాలిని కొద్దిగా సర్దడం. ఫ్యాన్లకు డ్యాంపర్ బదులు వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే పరికరం) తీసుకోండి. వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు సుమారు సగానికి దిగుతుంది.

ఇంటర్‌లాక్ (ఒకటి నడిస్తేనే మరొకటి నడిచే కట్టుబాటు) వరస ప్యానెల్ తలుపు మీద రాసి అతికించండి. ముందు ఐడీ, తర్వాత ఎఫ్‌డీ, ఆ తర్వాత గ్రేట్. ఐడీ ట్రిప్ అయితే (దానంతటదే ఆగిపోతే) ఎఫ్‌డీ, గ్రేట్ రెండూ వెంటనే ఆగాలి. లేకపోతే మంట తలుపుల్లోంచి మనుషుల మీదికి వస్తుంది.

#8 గ్యాస్_బర్నర్_శ్రీపెరంబుదూరు

ఆక్సిజన్ 3 శాతానికి సెట్ చేస్తే ఇంధనం బాగా మిగులుతుంది కదా? గ్యాస్ బాయిలర్లలో అంతే పెడతారు.

#9 కంట్రోల్_ప్యానెల్_గిండీ

గ్యాస్‌కు సరే. గ్రేట్ మీద కాలే బొగ్గుకు వద్దు. గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. బొగ్గు ముక్క గాలి తనను వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగాలి. 3 శాతం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, బూడిదలో కాలని బొగ్గు పెరుగుతుంది, గాలి తక్కువ చోట వేడి పేరుకుని బూడిద కరిగి క్లింకర్ కడుతుంది. చెయిన్ గ్రేట్‌కు 6 నుంచి 7 శాతం మంచి జాగా. ఆక్సిజన్ అంకెను, 21లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేదానితో భాగించండి. 6.5ను 14.5తో భాగిస్తే 45 శాతం అదనపు గాలి.

10, 11 చూపిస్తుంటే ముందు గాలి ఎక్కడ్నుంచి చొరబడుతోందో వెతకండి. తలుపుల గ్యాస్కెట్లు, బూడిద దిగే చోటు, సైక్లోన్ కింది రోటరీ వాల్వ్. వెలిగించిన అగరువత్తి పట్టుకుని కీళ్ల చుట్టూ తిరిగితే పొగ లోపలికి పోయే చోట తెలిసిపోతుంది. ఎఫ్‌డీ తగ్గించడం ఆ తర్వాతే.

#10 నీటిరసాయనం_మణలి

నీళ్ల దారి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ బాయిలర్‌ను చంపేది ఎక్కువగా ఇదే.

ఫీడ్ ట్యాంక్, సాఫ్ట్‌నర్ లేదా ఆర్‌ఓ, రెండు ఫీడ్ పంపులు, ఎకనమైజర్, చెక్ వాల్వ్, షెల్. ఎకనమైజర్ పోయే పొగ వేడితో ఫీడ్ వాటర్‌ను వేడి చేస్తుంది. ఫీడ్ వాటర్ 6 డిగ్రీలు పెరిగితే సుమారు 1 శాతం ఇంధనం మిగులుతుంది. పొగ 140 కన్నా చల్లబడితే ఆమ్లం చెమర్చి ట్యూబులు తినేస్తుంది కాబట్టి ఆశ కొద్దీ పెద్ద ఎకనమైజర్ పెట్టించకండి.

ఉత్తర చెన్నైలో బోరు నీళ్లు కొన్నిచోట్ల ఉప్పు. మింజూరు వైపు సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చిన సంగతి తెలిసిందే. సాఫ్ట్‌నర్ గట్టిదనం తీస్తుంది గానీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) తగ్గించదు. బ్లోడౌన్ (లవణాలు పేరుకోకుండా బాయిలర్ నీళ్లు కొంత వదిలేయడం) లెక్క చూడండి: ఫీడ్ టీడీఎస్‌ను, బాయిలర్ టీడీఎస్‌లోంచి ఫీడ్ టీడీఎస్ తీసేసిన అంకెతో భాగించాలి. బాయిలర్‌లో 3,000 దగ్గర ఉంచుతూ ఫీడ్ 300 ఉంటే తయారయ్యే స్టీమ్ బరువులో 11 శాతమంత నీళ్లు, మరుగుతున్నవి, డ్రెయిన్‌లో పోయాల్సిందే. ఆర్‌ఓతో ఫీడ్ 50కి దిగితే అది 1.7 శాతం. రబ్బరు లైన్‌లో కండెన్సేట్ (స్టీమ్ చల్లబడి మారిన నీళ్లు) తిరిగి వస్తే ఇంకా తగ్గుతుంది, కానీ దానిలో నూనె లేదని చూసుకోండి.

ఫీడ్ గట్టిదనం 5 పీపీఎం లోపు. బాయిలర్ నీటి పీహెచ్ 10.5 నుంచి 11.5. సాఫ్ట్‌నర్ దగ్గర షిఫ్ట్‌కు రెండుసార్లు గట్టిదనం టెస్ట్ కిట్ వేయకపోతే, ఉప్పుతో రీజెనరేషన్ ఆలస్యమైన సంగతి ట్యూబు మీద గార కట్టాకే బయటపడుతుంది.

#11 ఆవిరి_అంబత్తూరు

నీటి లెవెల్ గురించి విడిగా చెప్పాలి. బొగ్గు బాయిలర్‌కూ ఆయిల్ బాయిలర్‌కూ అసలు తేడా ఇక్కడే.

రెండు గేజ్ గ్లాసులు, లెవెల్ తగ్గితే మోగే మొదటి ఫ్లోట్ స్విచ్, ఇంకా తగ్గితే బాయిలర్‌ను ఆపే రెండోది. ఆయిల్ బాయిలర్‌లో ట్రిప్ అంటే మంట ఆరిపోయినట్టే. ఇక్కడ ఫ్యాన్లు, గ్రేట్ ఆగుతాయి, కానీ గ్రేట్ మీద నిప్పు అలాగే ఉంటుంది. మీ సైజు గ్రేట్ మీద ఏ క్షణం చూసినా దాదాపు 180 కిలోల బొగ్గు కాలుతూ ఉంటుంది, అంటే 7.5 లక్షల కిలో కేలరీలు. గాలి లేకపోతే నెమ్మదిగానే కాలుతుంది, అయినా ఆ వేడి నీళ్లలోకే పోతుంది.

కరెంటు పోతే ఇదే జరుగుతుంది. అందుకని ఒక ఫీడ్ పంప్ అయినా డీజీ (డీజిల్ జనరేటర్) మీద ఉండాలి, లేదా స్టీమ్‌తో నడిచే ఇంజెక్టర్ ఉండాలి. ఐడీ ఆగినప్పుడు పొగ సహజంగా పైకి పోయేలా బైపాస్ డ్యాంపర్ దానంతటదే తెరుచుకోవాలి. ఇవి ఆప్షనల్ అని రాస్తే ఒప్పుకోకండి.

గ్లాసులో నీళ్లు కనబడకపోతే ఆపరేటర్ చేయాల్సింది: ఫ్యాన్లు, గ్రేట్ ఆపడం, మెయిన్ స్టీమ్ వాల్వ్ నెమ్మదిగా మూయడం, మనుషులను దూరం పంపడం. ఫీడ్ పంప్ నడపకూడదు. ఎర్రబడ్డ ఇనుము మీద నీళ్లు పడితే జరిగేది పేలుడు. సేఫ్టీ వాల్వ్ చేత్తో ఎత్తకూడదు, ప్రెషర్ ఒక్కసారిగా దిగి నీళ్లు పొంగుతాయి.

ఫ్లోట్ గదిలో బురద చేరితే ఫ్లోట్ పైనే ఇరుక్కుని, నీళ్లున్నాయనే చెబుతుంది. గేజ్ గ్లాసునూ ఫ్లోట్ గదినీ షిఫ్ట్‌కోసారి బ్లో చేయాలి. వారానికోసారి, మనిషి గ్లాసు ముందు నిలబడి ఉండగా, లెవెల్ నిజంగా దింపి అలారం, ట్రిప్ రెండూ పనిచేస్తున్నాయా చూడాలి. ప్యానెల్ మీద టెస్ట్ బటన్ నొక్కితే తెలిసేది వైరింగ్ సంగతే, ఫ్లోట్ సంగతి కాదు.

ప్రెషర్ గేజ్ కింద సైఫన్ గొట్టంలో నీళ్లు నిలిచి ఉండాలి, నేరుగా స్టీమ్ తగిలితే గేజ్ స్ప్రింగ్ పాడవుతుంది. షెల్ లోపలే ఫర్నేస్ ఉండే డిజైన్లలో ఫర్నేస్ పైకప్పున ఫ్యూజిబుల్ ప్లగ్ కూడా ఉంటుంది. నీళ్లు దిగి ప్లగ్ బయటపడితే లోపలి తగరపు లోహం కరిగి స్టీమ్ నిప్పు మీద పడుతుంది. స్వచ్ఛమైన తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

#12 గ్రేట్_ఫిట్టర్

ఆటోక్లేవ్‌లు మూడూ ఒకేసారి తెరుస్తారా? చెయిన్ గ్రేట్ పిలిస్తే పలికే రకం కాదు. గ్రేట్ వేగం పెంచాక మంట పెరగడానికి 10, 15 నిమిషాలు. ఈలోపు ప్రెషర్ పడుతుంది, షెల్‌లో నీళ్లు బుడగలతో ఉబ్బి తడి స్టీమ్ లైన్‌లోకి పోతుంది. ఉబ్బిన నీటిని చూసి లెవెల్ ఎక్కువైందని పంప్ ఆగుతుంది, బుడగలు దిగాక లెవెల్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ట్రిప్. తప్పు ఫ్లోట్‌ది కాదు.

ఆటోక్లేవ్‌లను పది నిమిషాల ఎడంతో తెరిచేలా షెడ్యూల్ పెట్టండి, లేదా స్టీమ్ వాల్వ్ మెల్లగా తెరుచుకునేలా చేయండి. అవీ కుదరకపోతే స్టీమ్ అక్యుములేటర్ (స్టీమ్ నిల్వ ఉంచే ట్యాంక్). ప్రెషర్ కంట్రోలర్‌ను చురుగ్గా సెట్ చేసి దీన్ని సరిచేయాలని చూడకండి, గ్రేట్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడుతుంది.

#13 గుమ్మిడిపూండి_మెయింటెనెన్స్

ఒక్కో సమాధానమూ ఎంతో ఉపయోగపడుతోంది, అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు అడగాలి. ఇండొనేషియా బొగ్గు దొరకని నెలల్లో సింగరేణి గానీ నైవేలి లిగ్నైట్ గానీ ఇదే గ్రేట్‌లో వేయొచ్చా? బూడిద, పొగ వైపు ఏం చూడాలి?

#14 బొగ్గుయార్డు_ఎన్నూరు

లిగ్నైట్ వద్దు. నైవేలి లిగ్నైట్‌లో తేమే దాదాపు సగం, ఒక్కో కిలోలో వేడి 2,600 చుట్టూ. అదే స్టీమ్‌కు ఒకటిన్నర రెట్ల పైనే వేయాలి. పైగా ముందు ఎండటానికే గ్రేట్ సగం పోతుంది. ఆర్చ్ పొడవుగా, దిగువగా ఉండే డిజైన్ కావాలి.

మన దేశపు బొగ్గు వేయొచ్చు, కానీ బూడిద లెక్క మారుతుంది. 6 శాతం బూడిద ఉన్న ఇండొనేషియా బొగ్గుతో గంటకు 44 కిలోల బూడిద. 3,800 జీసీవీ, 38 శాతం బూడిద ఉన్న బొగ్గయితే గంటకు 800 కిలోల పైనే వేయాలి, బూడిద 300 కిలోల పైనే. 7 రెట్లు. బూడిద కన్వేయర్ మొదటి అంకెకే కొంటే రెండో రోజే బూడిద గ్రేట్ వెనక గుట్టపడి లింకులను పట్టేస్తుంది. రెండు బొగ్గులకూ గ్యారంటీ కావాలంటే ఆర్డర్‌లోనే రెంటి విశ్లేషణా రాయించండి.

#15 కంట్రోల్_ప్యానెల్_గిండీ

బూడిద రెండు చోట్ల దిగుతుంది. గ్రేట్ వెనక పడేది నీళ్ల తొట్టిలో మునిగి నడిచే కన్వేయర్‌లోకి పోతే దుమ్ము ఉండదు, ఆ నీళ్లే గాలి చొరబడకుండా సీల్‌గా పనిచేస్తాయి. తొట్టి నీళ్లు ఎండితే ఆక్సిజన్ మీటర్ ఉన్నట్టుండి పెరుగుతుంది. మొదట చూడాల్సిన చోట్లలో అదొకటి.

పొగతో ఎగిరేదాన్ని మల్టీసైక్లోన్, దాని వెనక బ్యాగ్ ఫిల్టర్ పడతాయి. సైక్లోన్ ముందుండటం తప్పనిసరి. నిప్పురవ్వ బ్యాగ్ మీద పడితే రంధ్రమే. బ్యాగ్ గుడ్డ ఏ వేడిదాకా తట్టుకుంటుందో అడిగి, దానికన్నా 20 డిగ్రీలు తక్కువకే బైపాస్ తెరుచుకునేలా పెట్టండి. ట్యూబులకు మసి పట్టితే పొగ వేడి పెరుగుతుంది. పొగ 20, 22 డిగ్రీలు పెరిగితే సుమారు 1 శాతం ఇంధనం నష్టం. శుభ్రం చేశాక ఎంత చూపించిందో రాసిపెట్టుకుని, అక్కడ్నుంచి 40 డిగ్రీలు పెరిగితే మళ్లీ ట్యూబులు తోమించండి.

చిమ్నీ ఎత్తుకు లెక్క ఉంది. గంటకు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ కిలోలను 0.3 ఘాతానికి లెక్కించి 14తో గుణించాలి. 0.6 శాతం గంధకం ఉన్న బొగ్గు 725 కిలోలకు సల్ఫర్ డయాక్సైడ్ 8.7 కిలోలు, ఎత్తు 27 మీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. మీ సైజుకు కనీస ఎత్తు నిబంధన ఎంతో కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కనుక్కోండి. దుమ్ము పరిమితి మాత్రం మీ కన్సెంట్ ఆర్డర్‌లో కాలుష్య నియంత్రణ మండలి రాసిన అంకె ప్రకారమే. బ్యాగ్ ఫిల్టర్ సైజు తేల్చే ముందు ఆ కాగితం సప్లయర్ చేతిలో పెట్టండి.

#16 ఆవిరి_అంబత్తూరు

చట్టం సంగతి కూడా. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, ఏటా తనిఖీ, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్, ఏవీ పోలేదు. ఆటోమేటిక్ కాబట్టి సర్టిఫికెట్ ఉన్న మనిషి అక్కర్లేదని సేల్స్‌వాళ్లు అంటే నమ్మకండి. మీ ఇద్దరు ఆపరేటర్ల సర్టిఫికెట్లు ఈ సైజుకు చెల్లుతాయో లేదో తమిళనాడు బాయిలర్స్ డైరెక్టరేట్‌లో ముందే కనుక్కోండి.

డబ్బు చివరి విడత ఇచ్చే ముందు సప్లయర్ మీ కళ్ల ముందు చేసి చూపించాల్సినవి ఇవి. లెవెల్ దింపి ట్రిప్. ఐడీ ఆపితే మిగతావి ఆగడం. మెయిన్ స్విచ్ దింపి, డీజీ మీద ఫీడ్ పంప్ ఎన్ని సెకన్లలో ఎత్తుకుంటుందో చూడటం. సేఫ్టీ వాల్వ్‌లు రెండూ సెట్ ప్రెషర్‌లో లేవడం. హాపర్ ఖాళీ అలారం. కొత్త ఇటుకపని ఉంది కాబట్టి మొదట కట్టెల మంటతో, సప్లయర్ ఇచ్చిన టెంపరేచర్ చార్ట్ ప్రకారం, నెమ్మదిగా ఆరబెట్టాలి. తొందరపడి మొదటిరోజే పూర్తి మంట పెడితే ఇటుకలో తేమ ఆవిరై ఆర్చ్ పగిలిపోతుంది.

#17 గుమ్మిడిపూండి_మెయింటెనెన్స్

రేపు సప్లయర్ వస్తున్నాడు. హాపర్ 60 డిగ్రీలు, డీజీ మీద పంప్, బైపాస్ డ్యాంపర్, రెండు బొగ్గుల గ్యారంటీ, ఇవన్నీ రాయించుకుంటాను. స్పేర్లు మొదటి రోజు నుంచే ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

#18 గ్రేట్_ఫిట్టర్

షియర్ పిన్‌లు డజను, సప్లయర్ ఇచ్చిన మెటీరియల్‌వే. గ్రేట్ లింకులు మొత్తంలో 5 శాతం, పక్క లింకులు విడిగా, వాటి ఆకారం వేరు. గేజ్ గ్లాసులు నాలుగు, వాటి వాషర్లతో. మ్యాన్‌హోల్, హ్యాండ్‌హోల్ గ్యాస్కెట్లు రెండు సెట్లు. ఒకసారి తెరిస్తే పాతవి మళ్లీ వేయకూడదు. ఫ్లోట్ స్విచ్ ఒకటి. ఫీడ్ పంప్ మెకానికల్ సీల్ రెండు. ఎలివేటర్ బకెట్లు పది, బోల్టులతో. ఐడీ బేరింగ్ సెట్ ఒకటి. ఐడీ ఇంపెల్లర్ మీద బూడిద ఒకవైపే పేరుకుంటే వైబ్రేషన్ మొదలై ముందు పోయేది ఆ బేరింగే. నెలకోసారి తలుపు తీసి బ్లేడ్లు గీకించండి, గీకేటప్పుడు ఫ్యాన్ బ్రేకర్‌కు తాళం వేసి తాళం చెవి లోపలికి వెళ్లే మనిషి జేబులోనే ఉంచండి.